పేరు నుండి ఫార్ములాకు: అయానిక సమ్మేళనముల నామకరణము

మన పట్టణములలోని పచారీ దుకాణమునకు వచ్చి ఒకరు పటిక కావలెనందురు. వేరొకరు ఫిట్కరీ కావలెనందురు. దుకాణదారు ఇరువురకును ఒకే డబ్బాలోని తెల్లని పలుకులను తూచి యిచ్చును. అట్లే తెలుగువారి నవాసారము ఉర్దూవారికి నౌసాదర్, సురేకారము షోరా, మైలుతుత్తము నీలా థోథా, సున్నము చూనా. పేర్లు రెండైనను వస్తువు ఒక్కటే కావున ఇందు చిక్కేమియు లేదు. ఒకే పేరు రెండు వస్తువులకు చెల్లునపుడే చిక్కు వచ్చును. గడ్డము గీసిన పిమ్మట క్షురకుడు రుద్దు పటికలో పొటాషియం, అల్యూమినియం రెండును గలవు. నీటి శుద్ధి కేంద్రములలో బస్తాలకొలది వాడు పటిక సాధారణముగా పొటాషియం లేని అల్యూమినియం సల్ఫేట్. బజారులో రెండును పటికయే. ఈ రెండింటిని బజారు పేరు వేరుచేయజాలదు. రసాయన ఫార్ములా వేరుచేయును.

ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల విద్యార్థులు ఫార్ములాలను కంఠస్థము చేయుటకు పడు శ్రమ మేమెరుగుదుము. పరీక్షకు ముందు వందలకొలది ఫార్ములాలను వల్లెవేసి, పరీక్షా మందిరములో వానిని ఒకదానితో నొకటి కలిపివేయువారు పలువురు. నిజమునకు కంఠస్థము చేయవలసినవి కొద్ది అయానుల పేర్లు, వాని ఆవేశములు మాత్రమే. మిగిలినదంతయు ఒకే ఒక్క నియమమునుండి రాబట్టవచ్చునని చూపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఇచట మూలకముల గుర్తులను తెలుగు లిపిలో, మూలకమునకును మూలకమునకును నడుమ ఎడమిచ్చి చూపుచున్నాము. సోడియం క్లోరైడ్ ఇందు "ఎన్‌ఎ సిఎల్" అగును. విద్యార్థులు పెన్సిలు చేతబట్టి, ప్రతి ఫార్ములాను తమ నోటుపుస్తకములో రోమన్ అక్షరములతో వ్రాసికొనుచు చదివిన యెడల ఫలితము ఇనుమడించును.

పేర్లకు పద్ధతి యేర్పడిన విధము

పదునెనిమిదవ శతాబ్దము చివరివరకు రసాయన పదార్థములకు రంగును బట్టియో, రుచిని బట్టియో, దొరకిన చోటును బట్టియో పేర్లుండెడివి. పేరు విన్నంతమాత్రమున ఆ పదార్థములో నేమున్నదో తెలియు వీలు లేకుండెను. 1787లో పారిస్ నగరమున గీటన్ ద మోర్వో, లావోజియే, బెర్తొలే, ఫూర్‌క్రా అను నలుగురు శాస్త్రజ్ఞులు కలిసి నూతన నామకరణ పద్ధతిని ప్రకటించిరి. పదార్థము దేనితో నిర్మితమైనదో పేరే చెప్పవలెననునది వారి సూత్రము. పిదప 1813-14 సంవత్సరములలో స్వీడన్ దేశీయుడగు బెర్జీలియస్ మూలకములకు అక్షరరూపమైన గుర్తులను ప్రతిపాదించెను. నేడు మనము వ్రాయు ఫార్ములాలకు అదియే పునాది.

ఆ గుర్తులలో కొన్ని ఇంగ్లీషు పేర్లతో పొసగవు. ఇనుముయొక్క "ఎఫ్‌ఇ" ఫెర్రమ్ నుండియు, రాగియొక్క "సియు" క్యూప్రమ్ నుండియు వచ్చినవి; ఇవి లాటిను పదములు. పొటాషియం గుర్తగు "కె" మాత్రము కేలియం అను పేరునుండి వచ్చినది. ఆ కేలియమునకు మూలము అరబ్బీ భాషలో మొక్కల బూడిదనుండి తీసిన క్షారమును తెలుపు "అల్‌ఖలీ" పదము. ఇంగ్లీషువారి ఆల్కలీ శబ్దము కూడ దానినుండియే పుట్టినది.

మన హైదరాబాదులో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగున పాఠ్యగ్రంథములను వెలువరించెను. అచట తేజాబ్, ఇచట ఆమ్లము. అచట నమక్, ఇచట లవణము. పదములు మారినవి కాని ఫార్ములా మారలేదు. ఉర్దూ మాధ్యమమున చదివినవారును, తెలుగు మాధ్యమమున చదివినవారును ఒకే ప్రయోగశాలలో ఒకే సీసాను అందుకొనగలుగుట అందువలననే.

అయాను అనగా నేమి?

సోడియం పరమాణువులో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు ఉండును. అది ఒక ఎలక్ట్రానును కోల్పోయినచో దానిపై ఒక ధనావేశము మిగులును. క్లోరిన్ పరమాణువు తన 17 ఎలక్ట్రాన్లకు మరియొకటి చేర్చుకొనినచో ఒక ఋణావేశమును పొందును. ఇట్లు ఆవేశము గల కణమే అయాను. ధనావేశము గలది ధనాయాను. ఋణావేశము గలది ఋణాయాను. అయాను అను పదమును 1834లో మైకేల్ ఫెరడే వాడుకలోనికి తెచ్చెను. గ్రీకు భాషలో దానికి "పోవునది" అని అర్థము.

ఉప్పుపలుకులో ఒక సోడియం, ఒక క్లోరిన్ జతగా కూడి వేరుగా నిలిచియుండవు. 1913లో బ్రాగ్ శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణముల సహాయమున ఉప్పు నిర్మాణమును కనుగొనిరి. ప్రతి సోడియం అయాను చుట్టును ఆరు క్లోరైడ్ అయానులు, ప్రతి క్లోరైడ్ చుట్టును ఆరు సోడియం అయానులు బారులు తీరియుండును. కావున అయానిక సమ్మేళనముల విషయమున ఫార్ములా ఒక అణువును తెలుపదు. అయానుల నిష్పత్తిని మాత్రమే తెలుపును. ఈ మాట గుర్తుంచుకొనిన విద్యార్థికి ముందు రాబోవు నియమము తానై బోధపడును.

ఋణాయానుల పేర్లు

ఒకే మూలకమునుండి ఏర్పడిన ఋణాయాను పేరు "ఐడ్"తో ముగియును. క్లోరైడ్, ఫ్లోరైడ్ ఆవేశము 1. ఆక్సైడ్, సల్ఫైడ్ ఆవేశము 2. నైట్రైడ్ ఆవేశము 3.

ఆక్సిజన్‌తో కూడిన ఋణాయానులు "ఏట్"తో గాని "ఐట్"తో గాని ముగియును. రెండింటిలో ఆక్సిజన్ ఎక్కువగా నున్నది "ఏట్", తక్కువగా నున్నది "ఐట్". నైట్రేట్‌లో ఆక్సిజన్లు మూడు, నైట్రైట్‌లో రెండు. రెండింటి ఆవేశమును 1. సల్ఫేట్‌లో నాలుగు, సల్ఫైట్‌లో మూడు. రెండింటి ఆవేశమును 2. "ఏట్" అనగా నాలుగని గాని మూడని గాని తలంచరాదు. అది ఎక్కువ తక్కువలను తెలుపునే కాని సంఖ్యను తెలుపదు. క్లోరిన్ విషయమున నాలుగు మెట్లున్నవి: హైపోక్లోరైట్, క్లోరైట్, క్లోరేట్, పెర్‌క్లోరేట్. ఆక్సిజన్లు వరుసగా 1, 2, 3, 4. ఆవేశము అన్నిటికిని 1.

ఆమ్లముల పేర్లతో ముడిపెట్టిన యెడల ఇవి మరువబడవు. "ఇక్" ఆమ్లమునుండి "ఏట్", "అస్" ఆమ్లమునుండి "ఐట్" వచ్చును. నైట్రిక్ ఆమ్లము నైట్రేట్‌లను, నైట్రస్ ఆమ్లము నైట్రైట్‌లను ఇచ్చును. ఇవిగాక కార్బొనేట్ 2, ఫాస్ఫేట్ 3, హైడ్రాక్సైడ్ 1, బైకార్బొనేట్ 1 అని నేర్చుకొనిన చాలును.

ధనాయానుల పేర్లు

సోడియం, పొటాషియం అయానుల ఆవేశము 1. మెగ్నీషియం, కాల్షియం, బేరియం అయానుల ఆవేశము 2. అల్యూమినియం ఆవేశము 3. ఇవి మారవు. నైట్రోజన్ ఒకటి, హైడ్రోజన్ నాలుగు కూడిన అమ్మోనియం ఒక లోహము కాకపోయినను, 1 ధనావేశముతో లోహపు అయానువలెనే ప్రవర్తించును.

ఇనుము, రాగి, తగరము, సీసము మొదలగు లోహములు ఒకటికంటె ఎక్కువ ఆవేశములను చూపును. పూర్వము తక్కువ ఆవేశమునకు "అస్", ఎక్కువ ఆవేశమునకు "ఇక్" చేర్చి ఫెర్రస్, ఫెర్రిక్ అనెడివారు. అయితే ఫెర్రస్ అనగా 2, ఫెర్రిక్ అనగా 3. క్యూప్రస్ అనగా 1, క్యూప్రిక్ అనగా 2. ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క లెక్క. ఈ కష్టమును తొలగించుటకై 1919లో జర్మనీ దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ స్టాక్ లోహము పేరు ప్రక్కన దాని ఆవేశమును అంకెగా వ్రాయు పద్ధతిని సూచించెను. దానిని కుండలీకరణములో రోమన్ అంకెగా వ్రాయుదురు. మేమిచట సాధారణాంకెనే చూపుచున్నాము. ఫెర్రస్ అయాను ఐరన్ (2), ఫెర్రిక్ అయాను ఐరన్ (3).

ఫార్ములా వ్రాయుటకు ఒకే నియమము

ఆ నియమమిది: ధనావేశముల మొత్తమును, ఋణావేశముల మొత్తమును సమానము కావలెను. జమయు ఖర్చును సరిపోయి నిలువ సున్నయైనట్లు ఫార్ములా కుదరవలెను. ఉప్పుపలుకును చేతబట్టిన మనకు విద్యుత్ ఘాతము తగులకుండుట ఈ సమానత్వము వలననే.

మొదట ధనాయానును, తరువాత ఋణాయానును వ్రాయవలెను. రెండు ఆవేశముల క.సా.గు. కనుగొనవలెను. దానిని ఒక్కొక్క అయాను ఆవేశముచేత భాగించగా వచ్చిన సంఖ్యయే ఆ అయాను ఎన్నిసార్లు రావలెనో తెలుపును. దానిని అయానుకు కుడివైపున, అడుగున, పాదాంకముగా వ్రాయవలెను. ఒకటి యైనచో వ్రాయనక్కరలేదు.

కాల్షియం క్లోరైడ్: ఆవేశములు 2, 1, క.సా.గు. 2. కాల్షియం ఒకటి, క్లోరైడ్ రెండు: సిఎ సిఎల్₂.

అల్యూమినియం ఆక్సైడ్: ఆవేశములు 3, 2, క.సా.గు. 6. అల్యూమినియం రెండు, ఆక్సైడ్ మూడు: ఎఎల్₂ ఓ₃.

మెగ్నీషియం ఆక్సైడ్: ఆవేశములు 2, 2, క.సా.గు. 2. ఒకటికి ఒకటి: ఎంజి ఓ. ఆవేశములను అడ్డముగా మార్చి వ్రాయు అలవాటు గలవారు ఇచట రెండేసి వ్రాసి మార్కులు పోగొట్టుకొందురు. క.సా.గు. పద్ధతిలో ఆ ప్రమాదము లేదు.

కాల్షియం హైడ్రాక్సైడ్, అనగా తడిపిన సున్నము: సిఎ (ఓ హెచ్)₂. బహుపరమాణుక అయాను ఒకటికంటె ఎక్కువసార్లు వచ్చినపుడు కుండలీకరణము తప్పనిసరి. దానిని విడిచి సిఎ ఓ హెచ్₂ అని వ్రాసినచో హైడ్రోజన్ మాత్రమే రెండై, ఆక్సిజన్ ఒకటే మిగులును.

అల్యూమినియం సల్ఫేట్: ఆవేశములు 3, 2, క.సా.గు. 6. ఎఎల్₂ (ఎస్ ఓ₄)₃. నీటి శుద్ధి కేంద్రపు పటికలోని లవణమిదియే. క్షురకుని పటికలో పొటాషియం ఒకటి, అల్యూమినియం ఒకటి, సల్ఫేట్లు రెండు: కె ఎఎల్ (ఎస్ ఓ₄)₂. ధనావేశము 1 + 3 = 4; ఋణావేశము 2 × 2 = 4. లెక్క కుదిరినది.

ఫార్ములానుండి పేరు

ఎఫ్‌ఇ₂ (ఎస్ ఓ₄)₃ అను ఫార్ములాను గైకొందము. సల్ఫేట్లు మూడు, ఒక్కొక్కదాని ఆవేశము 2. మొత్తము ఋణావేశము 6. దీనిని రెండు ఇనుప అయానులు సమముగా పంచుకొనవలెను, ఒక్కొక్కదానికి 3. కావున ఇది ఐరన్ (3) సల్ఫేట్. ఎఫ్‌ఇ ఎస్ ఓ₄ లో ఇనుము ఒకటే, సల్ఫేట్ ఒకటే. ఇనుము ఆవేశము 2. ఇది ఐరన్ (2) సల్ఫేట్. దీని సజల రూపమే మన అన్నభేది. పేరులోని అంకె ఆవేశమును తెలుపును. ఫార్ములాలోని పాదాంకము అయానుల సంఖ్యను తెలుపును. ఈ రెండింటిని ఒకటిగా తలంచుట విద్యార్థులు తరచుగా చేయు పొరపాటు.

రెండు మినహాయింపులు గుర్తుంచుకొనదగినవి. మెర్క్యురీ (1) క్లోరైడ్ ఫార్ములా హెచ్‌జి₂ సిఎల్₂. సోడియం పెరాక్సైడ్ ఫార్ములా ఎన్‌ఎ₂ ఓ₂. వీనిని సగము చేయరాదు. మొదటిదానిలో రెండు పాదరస పరమాణువులు కలిసియే ఒక అయాను; రెండవదానిలో రెండు ఆక్సిజన్లు కలిసియే ఒక అయాను. కాబట్టి ఇవి నియమమునకు విరుద్ధములు కావు. అయాను ఎచట మొదలై ఎచట ముగియునో మనకు తెలియవలెనని హెచ్చరించునవి.

స్ఫటిక జలమును గూర్చి ఒక మాట. మైలుతుత్తములో ప్రతి కాపర్ సల్ఫేట్‌కు 5, అన్నభేదిలో 7, చాకలి సోడా స్ఫటికములలో 10, క్షురకుని పటికలో 12 నీటి అణువులుండును. నీలి మైలుతుత్తమును వేడిచేసిన తెల్లబడుటయు, నీటిచుక్క తగిలిన మరల నీలమగుటయు ప్రయోగశాలలో అందరు చూచినదే. అనార్ద్ర కాపర్ సల్ఫేట్ మోలార్ ద్రవ్యరాశి 159.6 గ్రాములు, సజల లవణమునకు 249.7 గ్రాములు. ఈ భేదమును గమనింపక, మొదటి లెక్కతో రెండవ పదార్థమును తూచినచో ద్రావణపు గాఢత సుమారు 36 శాతము తగ్గిపోవును.

ఒక్క అక్షరము విలువ

ఇంత సూక్ష్మముగా చూచుట దేనికని కొందరు అడుగవచ్చును. 1944 సెప్టెంబరులో న్యూయార్కు నగరమున పదునొకండుగురు వృద్ధులు శరీరము నీలివర్ణమునకు తిరిగి ఆసుపత్రి పాలైరి. వారిలో ఒకరు మరణించిరి. వారు ఒకే హోటలులో ఓట్సు జావ త్రాగిన వారని విచారణలో తేలెను. ఆ జావలో ఉప్పునకు బదులు, మాంసము నిలువచేయుటకు వాడు సోడియం నైట్రైట్ పడినది. చూపునకు రెండును తెల్లని పొడులే. నైట్రైట్ రక్తములోని హీమోగ్లోబిన్‌లో గల ఐరన్ (2)ను ఐరన్ (3)గా మార్చును. అట్లు మారిన హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేదు. పుస్తకములో ఫెర్రస్, ఫెర్రిక్ అని మనము వల్లెవేయు భేదమే అచట ప్రాణమునకును మరణమునకును నడుమ నిలిచినది.

బేరియం అయాను విషము. అయినను జీర్ణకోశమును ఎక్స్ కిరణములతో పరీక్షించుటకు వైద్యులు రోగులచేత బేరియం సల్ఫేట్‌ను త్రాగింతురు. అది నీటిలోను, జీర్ణకోశపు ఆమ్లములోను దాదాపు కరుగదు గనుక శరీరమునకు పట్టదు. బేరియం కార్బొనేట్ అట్లు కాదు. జీర్ణకోశములోని ఆమ్లమునకు కరిగి అయానును విడుదల చేయును. 2003లో బ్రెజిల్ దేశమున బేరియం సల్ఫేట్ మందులో కార్బొనేట్ కలిసియుండుటచే పలువురు రోగులు మరణించిరి. రెండింటి ధనాయాను ఒక్కటే, ఋణాయానులోనే భేదము.

దూరదేశములకు పోనక్కరలేదు. మన నల్లగొండ జిల్లా భూగర్భజలములలోని ఫ్లోరైడ్ ఎందరి పండ్లను, ఎముకలను పాడుచేసినదో మనమెరుగుదుము. పంటి పింగాణికి ఆధారమైన ఖనిజము సిఎ₅ (పి ఓ₄)₃ ఓ హెచ్. ఇందలి ధనావేశము 10; ఋణావేశము 9 + 1 = 10. ఫ్లోరైడ్ ఆవేశము, హైడ్రాక్సైడ్ ఆవేశము రెండును 1 అగుటచే, పరిమాణములోను అవి దగ్గరగా నుండుటచే, ఫ్లోరైడ్ వచ్చి హైడ్రాక్సైడ్ స్థానమున కూర్చుండగలదు. లెక్క చెడదు, పదార్థము మారును. స్వల్పముగా మారిన పంటికి మేలే. మితిమీరిన ఫ్లోరైడ్ పంటిని, ఎముకను చెరచును. లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రామునకు మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 దశకములో పటికను, సున్నమును నీటికి చేర్చి ఫ్లోరైడ్‌ను తగ్గించు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరిడిరి. అచట వాడు పటిక అల్యూమినియం సల్ఫేట్. ఏ పటిక ఎంత వేయవలెనో లెక్కించువానికి ఫార్ములా తెలియకున్న గతి లేదు.

అభ్యాసము

ఈ క్రింది వానిని పుస్తకము చూడక ప్రయత్నించవలెను.

1. మెగ్నీషియం నైట్రైడ్, మెగ్నీషియం నైట్రైట్, మెగ్నీషియం నైట్రేట్: మూడింటి ఫార్ములాలు వ్రాయుము.
2. అమ్మోనియం ఫాస్ఫేట్, క్రోమియం (3) సల్ఫేట్: ఫార్ములాలు వ్రాయుము.
3. సియు₂ ఓ, సియు ఓ: పేర్లు చెప్పుము.
4. కాల్షియం హైపోక్లోరైట్‌లో కుండలీకరణము ఏల కావలెను?

జవాబులు: (1) ఎంజి₃ ఎన్₂, ఎంజి (ఎన్ ఓ₂)₂, ఎంజి (ఎన్ ఓ₃)₂. (2) (ఎన్ హెచ్₄)₃ పి ఓ₄. సిఆర్₂ (ఎస్ ఓ₄)₃. (3) కాపర్ (1) ఆక్సైడ్. కాపర్ (2) ఆక్సైడ్. (4) కాల్షియం ఆవేశము 2, హైపోక్లోరైట్ ఆవేశము 1 గనుక ఆ అయాను రెండుసార్లు రావలెను: సిఎ (సిఎల్ ఓ)₂.

మొదటి ప్రశ్నలోని మూడు పేర్లను మరల ఒకసారి పరికింపుడు. నైట్రైడ్, నైట్రైట్, నైట్రేట్: చెవికి దాదాపు ఒకే ధ్వని, పదార్థములు మాత్రము మూడు. సీసాపై చీటీ వ్రాయువాడు ఈ భేదమును ఎరుగవలెను. సీసాను అందుకొనువాడును ఎరుగవలెను. మన విద్యార్థులలో రేపు ఔషధశాలలలోను, ఆసుపత్రులలోను, నీటి పరీక్షా కేంద్రములలోను, పాఠశాలలలోను పనిచేయువారు ఎందరో యుందురు. రోజునకు పది ఫార్ములాలను వల్లెవేయుటకంటె, రెండింటిని తీసికొని ఆవేశముల లెక్క సరిచూచుట మేలు. ఒక నెల దినములు ఇట్లు చేసిన విద్యార్థి తానెన్నడు చూడని లవణమునకు సైతము తప్పులేకుండ ఫార్ములా వ్రాయగలడని మా నమ్మకము.